డిగ్రీ సమానమే, సాయం మాత్రం కాదు: దూరవిద్య ఫీజుకు డబ్బు ఎక్కడ దొరుకుతుంది?

గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయం నుంచి దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో తీసుకున్న డిగ్రీ, రోజూ కాలేజీకి వెళ్లి తీసుకున్న డిగ్రీతో సమానమేనని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 సెప్టెంబరులో స్పష్టం చేసింది. ఉద్యోగ దరఖాస్తుల్లో, పీజీ ప్రవేశాల్లో ఆ మాట అక్కరకొస్తోంది. అదే విద్యార్థి ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసమో స్కాలర్‌షిప్ కోసమో వెబ్‌సైట్ తెరిస్తే పరిస్థితి వేరుగా ఉంటుంది. అర్హతల కింద 'రెగ్యులర్ కోర్సు' అని ఒక మాట, అనర్హుల జాబితాలో 'దూరవిద్య, కరస్పాండెన్స్' అని ఇంకో మాట కనిపిస్తాయి. చేతికొచ్చే పట్టా సమానమైనా, అది సంపాదించుకోవడానికి అందే సాయం సమానం కాదు.

ఇది కొద్దిమంది సమస్య అనుకోవడానికి లేదు. 2020-21 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశంలో ఉన్నత విద్యలో ఉన్న నాలుగు కోట్ల పైచిలుకు విద్యార్థుల్లో 45.7 లక్షల మంది దూరవిద్యలోనే ఉన్నారు. అంటే ప్రతి తొమ్మిది మందిలో ఒకరు. ఇంటర్ తర్వాత పెళ్లయి పదేళ్లకు మళ్లీ పుస్తకం పట్టిన ఆడవాళ్లు, షాపుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేస్తూ చదివేవాళ్లు, ప్రమోషన్ కోసం డిగ్రీ కావాల్సిన చిరుద్యోగులు, దగ్గరలో కాలేజీ లేని ఏజెన్సీ గ్రామాల పిల్లలు ఇందులో ఎక్కువ. డబ్బు అవసరం వీళ్లకు తక్కువేమీ కాదు. మరి సాయం వీళ్ల దాకా ఎందుకు రావడం లేదు, వచ్చేది ఏ రూపంలో వస్తోంది అన్నది కాస్త విడమరిచి చూడాలి.

రీయింబర్స్‌మెంట్ తలుపు ఎందుకు మూసి ఉంది

దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది తెలుగునేల మీదే. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలై, తర్వాత డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అయింది. దాని తొలి వైస్ చాన్స్‌లర్ ప్రొఫెసర్ జి. రాంరెడ్డినే 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) పెట్టినప్పుడు తొలి వైస్ చాన్స్‌లర్‌గా తీసుకెళ్లారు. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి పదేళ్ల ముందే, 1972లో, ఆంధ్రా విశ్వవిద్యాలయం కరస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టింది. కాలేజీ గడప తొక్కలేనివాళ్లకు చదువు అందించాలన్న ఆలోచనకు ఇంత చరిత్ర ఉన్న చోటే, 2008 నుంచి నడుస్తున్న ఫీజు రీయింబర్స్‌మెంట్‌లో వాళ్లకు చోటు దాదాపు లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరులో విద్యాదీవెన పేరుతో వచ్చిన ఉత్తర్వులు కరస్పాండెన్స్, దూరవిద్య విద్యార్థులను అనర్హులుగా పేర్కొన్నాయి. మేనేజ్‌మెంట్ కోటా, స్పాట్ అడ్మిషన్ల సరసనే వాళ్లనూ కూర్చోబెట్టాయి. పథకం పేరు ప్రభుత్వంతో పాటు మారుతుంది కానీ, రోజూ తరగతికి వచ్చేవాళ్లకే ఫీజు అన్న లెక్క మారలేదు. తెలంగాణలో స్కాలర్‌షిప్పులకు దరఖాస్తు చేసుకునే ఈపాస్ పోర్టల్ నిబంధనల్లో బీసీ, ఈబీసీ, దివ్యాంగ విద్యార్థులు సార్వత్రిక విశ్వవిద్యాలయాల కోర్సుల్లో, దూరవిద్యలో చేరితే అర్హులు కారని ఉంది. ఆ వాక్యంలో ఎస్సీ, ఎస్టీల ప్రస్తావన లేకపోవడాన్ని చాలామంది గమనించరు. ఈ వర్గాల విద్యార్థులు 'దూరవిద్యకు రాదట' అన్న మాట ఎవరో చెబితే విని ఊరుకోకుండా, జిల్లా ఎస్సీ అభివృద్ధి లేదా గిరిజన సంక్షేమ కార్యాలయంలో తమ కోర్సు పేరు చెప్పి అడగడం మేలు.

ఈ మినహాయింపు వెనక కారణాలు లేకపోలేదు. మొదటిది హాజరు. రీయింబర్స్‌మెంట్ విడుదల కావాలంటే 75 శాతం హాజరు చూపించాలి. విద్యార్థి నిజంగా ఉన్నాడా, చదువుతున్నాడా అని ప్రభుత్వం తెలుసుకునేది దాని ద్వారానే. ఆదివారం కాంటాక్ట్ క్లాసులకు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు అన్నట్టుండే దూరవిద్యలో ఆ కొలమానం పనిచేయదు. బోగస్ అడ్మిషన్ల మీద విచారణలు జరిగిన రాష్ట్రాల్లో అధికారులు ఈ విషయంలో బిగుసుకుపోవడంలో వింతేమీ లేదు. రెండోది, దూరవిద్యలో చేరినవాడు ఎక్కడో ఒకచోట సంపాదిస్తూనే ఉంటాడన్న ఊహ. మూడోది, ఫీజు ఎలాగూ తక్కువే కదా అన్న ధీమా.

ఈ మూడింటిలో మొదటిదానికే కొంత బలం ఉంది. అదీ సగమే. అసైన్‌మెంట్లు, పరీక్షల హాజరు, పాసైన పేపర్లు, క్రెడిట్లు అన్నీ ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే నమోదవుతున్నాయి. పాసైన పేపర్ల లెక్కన ఫీజు తిరిగి ఇస్తే, హాజరు పట్టీ కంటే అదే గట్టి సాక్ష్యం అవుతుంది. సంపాదిస్తాడన్న ఊహ మాత్రం నిలబడదు. ఆదాయ పరిమితి అనేది ఉండనే ఉంది, సంపాదన దాన్ని దాటితే సాయం దానంతటదే ఆగిపోతుంది. పైకి ఎవరూ చెప్పని నాలుగో కారణం ఇంకొకటి ఉంది. రెగ్యులర్ కోర్సుల రీయింబర్స్‌మెంట్ బకాయి పడితే ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలు బంద్‌లు పెడతాయి, మంత్రులను కలుస్తాయి, పత్రికలకెక్కుతాయి. దూరవిద్య విద్యార్థి తరఫున అలా అడిగే సంఘం లేదు. సగం మందికి తమ బ్యాచ్‌లో ఇంకెవరున్నారో కూడా తెలియదు.

కేంద్రం దగ్గర ఉన్నదెంత, లేనిదెంత

కేంద్ర పథకాలన్నీ ఒకే తీరుగా లేవు. ఇంటర్‌లో మంచి మార్కులు వచ్చినవాళ్లకు డిగ్రీలో ఏడాదికి 12 వేలు, పీజీలో 20 వేలు ఇచ్చే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ దూరవిద్యకు వర్తించదని నిబంధనల్లోనే రాసి ఉంది. ఏఐసీటీఈ ప్రగతి వంటివి రెగ్యులర్ సాంకేతిక కోర్సులకు ఉద్దేశించినవి కాబట్టి వాటి గురించి ఆలోచించే పనే లేదు. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే ఏదో ఒకటి రాకపోదులే అనుకుని రోజులు గడిపేవాళ్లు చాలామంది. ప్రతి పథకం కింద ఉండే మార్గదర్శకాల ఫైలు తెరిచి 'డిస్టెన్స్' అన్న మాట ఎక్కడుందో వెతికితే పది నిమిషాల్లో తేలిపోయే విషయం అది.

పదో తరగతి తర్వాతి చదువులకు ఇచ్చే ఎస్సీ పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ సంగతి వేరు. కేంద్రం నడిపే ఆ పాత పథకం కరస్పాండెన్స్ విద్యార్థులను విద్యార్థులుగానే చూసింది. 2010లో సవరించిన మార్గదర్శకాల్లో వాళ్లకు కోర్సు ఫీజు తిరిగి ఇవ్వడంతో పాటు పుస్తకాలకు ఏడాదికి 1,200 రూపాయలు కూడా పెట్టారు. ఉద్యోగం చేస్తూ చదివేవాళ్ల విషయంలోనూ ఒక న్యాయమైన లెక్క ఉంది: విద్యార్థి ఆదాయాన్ని తల్లిదండ్రుల ఆదాయానికి కలిపి చూడాలి, మొత్తం పరిమితి దాటకపోతే తిరిగి రాని తప్పనిసరి ఫీజుల వరకు చెల్లించాలి. అంటే హాజరు లేకపోయినా, జీతం వస్తున్నా సాయం ఇవ్వడానికి వీలైన నమూనా ఒకటి ప్రభుత్వాల దగ్గరే ఉంది. రాష్ట్రాలు తమ సొంత డబ్బుతో నడిపే పథకాల్లో దాన్ని తీసుకోలేదు, అంతే.

దివ్యాంగుల విషయంలోనూ దీనికి దగ్గరగా ఉండే ఏర్పాటు ఉంది. ఇగ్నోలో చేరిన దివ్యాంగ విద్యార్థి ముందు ఫీజు కట్టి, ప్రభుత్వ స్కాలర్‌షిప్‌కు ప్రాంతీయ కేంద్రం ద్వారా సంక్షేమ శాఖకు దరఖాస్తు పంపుకోవచ్చని ఆ విశ్వవిద్యాలయం ప్రాస్పెక్టస్‌లోనే చెబుతుంది. 'ముందు కట్టి' అన్నదే ఇందులో ఇబ్బంది. తర్వాత వస్తుందన్న నమ్మకంతో ఇవాళ అప్పు చేయగలిగినవాళ్లకే అది దారి.

అసలు సాయం ఫీజులోనే ఉంది

స్కాలర్‌షిప్పుల వెంట తిరిగేటప్పుడు మరుగున పడే సంగతి ఒకటుంది. దూరవిద్య విద్యార్థికి ప్రభుత్వం చేస్తున్న పెద్ద సాయం స్కాలర్‌షిప్ రూపంలో లేదు. ప్రభుత్వ సార్వత్రిక విశ్వవిద్యాలయం వసూలు చేసే ఫీజు తక్కువగా ఉండటమే ఆ సాయం. ఇగ్నోలోనో అంబేద్కర్ వర్సిటీలోనో బీఏ, బీకాం చదవడానికి ఏడాదికి అయ్యేది వేలల్లోనే. ప్రైవేటు వర్సిటీల ఆన్‌లైన్ ఎంబీఏలు లక్ష నుంచి రెండు లక్షల దాకా ఉంటున్నాయి. యూజీసీ దృష్టిలో గుర్తింపు ఉన్న ఏ డిగ్రీ అయినా ఒక్కటే. కాబట్టి సాయం ఎవరిస్తారు అన్న ప్రశ్న కంటే ముందు, ఎక్కడ చేరుతున్నాం అన్నదానికి జవాబు కావాలి. యాభై వేల రాయితీ ఇస్తున్నామని చెప్పే కోర్సు, రాయితీ పోగా కూడా ప్రభుత్వ వర్సిటీ మొత్తం ఫీజుకు ఎన్నో రెట్లు ఉండొచ్చు.

ఆ తక్కువ ఫీజు కూడా కట్టలేనివాళ్లకు కొన్ని మినహాయింపులున్నాయి. ఎస్సీ, ఎస్టీల ఉప ప్రణాళిక నిధులతో ఇగ్నో ఆ వర్గాల విద్యార్థులకు కొన్ని ప్రోగ్రాముల్లో ఫీజు మినహాయిస్తుంది. దీనికి మూడు షరతులు ముఖ్యం. ఏ ప్రోగ్రాములకు వర్తిస్తుందో ఆ విడత ప్రవేశాల ప్రకటనలోనే చూసుకోవాలి, పాత జాబితాను నమ్ముకోకూడదు. మినహాయింపు ఒక్క ప్రోగ్రాముకే వస్తుంది. అత్యాశకు పోయి రెండు మూడింటికి అడిగితే అన్ని దరఖాస్తులూ తిరస్కరణకు గురవుతాయి. రిజిస్ట్రేషన్ ఫీజు అనే చిన్న మొత్తం మాత్రం కట్టాల్సిందే. ట్రాన్స్‌జెండర్లకు 2017 నుంచి, జైళ్లలో ఉన్నవాళ్లకు అంతకుముందు నుంచే ఇగ్నో ఉచితంగా చదువు చెబుతోంది. పుస్తకాలు అచ్చు ప్రతులు వద్దు, సాఫ్ట్ కాపీ చాలు అన్నవాళ్లకు ప్రోగ్రాం ఫీజులో 15 శాతం తగ్గింపు ఇస్తోంది. పాఠాలన్నీ ఈ-జ్ఞానకోశ్ అనే ఉచిత భాండాగారంలో ఉండనే ఉన్నాయి. అయితే ఫోన్ తెర మీద మూడేళ్ల డిగ్రీ చదవడం అందరికీ అయ్యే పని కాదు. కళ్లద్దాలు మార్పించే ఖర్చు ఆ 15 శాతాన్ని మింగేయొచ్చు.

గడువు కూడా ఒక రకంగా సాయమే. ఇగ్నోలో మూడేళ్ల బీఏను ఆరేళ్ల దాకా సాగదీసుకునే వీలుంది. పంట పోయిన ఏడాది, ప్రసవం అయిన ఏడాది, ఉద్యోగం ఊడిన ఏడాది చదువు ఆపి మళ్లీ అందుకోవచ్చు. రెగ్యులర్ కాలేజీలో ఈ వెసులుబాటు ఉండదు. రీయింబర్స్‌మెంట్ అయితే ఏడాది గ్యాప్ కనబడగానే సవాలక్ష ప్రశ్నలు వేస్తుంది.

2022లో ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి యూజీసీ అనుమతించాక, కాలేజీలో ఒక డిగ్రీ చదువుతూ దూరవిద్యలో ఇంకొకటి చేసేవాళ్లు పెరిగారు. వాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒకటే: రీయింబర్స్‌మెంట్ కాలేజీ చదువుకే, రెండోది సొంత ఖర్చు.

ఫీజుకు బయట ఉండే ఖర్చు

ఏ పథకమూ లెక్కపెట్టని ఖర్చులు దూరవిద్యలో చాలా ఉన్నాయి. పరీక్ష ఫీజు విడిగా, పేపరుకింత చొప్పున కట్టాలి. సైన్స్ కోర్సులైతే ప్రాక్టికల్స్ కోసం స్టడీ సెంటర్ ఉన్న ఊళ్లో రోజుల తరబడి ఉండాలి. అల్లూరి జిల్లా మారుమూల నుంచి విశాఖకో, ఆసిఫాబాద్ అడవుల నుంచి జిల్లా కేంద్రానికో రావాలంటే బస్సు ఛార్జీలు, లాడ్జి అద్దె, భోజనం ఉంటాయి. రోజుకూలీకి పని మానేసిన రోజల్లా పైసా రాదు. ఆరు పేపర్లంటే ఆరు రోజుల కూలి పోయినట్టే. నెలజీతగాడికి సెలవులు కోత పడతాయి. చంటిబిడ్డ ఉన్న తల్లికైతే బిడ్డను చూసుకోవడానికి వెంట ఇంకొకరు రావాలి.

దూరవిద్య మధ్యలో ఆగిపోవడానికి ఫీజు కంటే ఈ చిల్లర ఖర్చులే ఎక్కువ కారణం అనిపిస్తుంది. మొదటి ఏడాది ఫీజు ఎలాగో కడతారు. పరీక్షల వేళకు చేతిలో డబ్బు ఆడదు. ఆ పేపర్లు తర్వాతి విడతకు పోతాయి, వాటికి మళ్లీ ఫీజు. సాయం చేయాలనుకునే ఊరి పెద్దలు, పూర్వ విద్యార్థులు, స్వచ్ఛంద సంస్థలు అడ్మిషన్ ఫీజు కట్టి ఫొటో దిగే బదులు పరీక్షల నెలలో రెండు వేలు ఇస్తే ఎక్కువ మంది డిగ్రీ పూర్తి చేస్తారు. రెగ్యులర్ విద్యార్థికి వసతి, భోజనం కోసం విడిగా డబ్బు ఇస్తున్న ప్రభుత్వాలకు, దూరవిద్య విద్యార్థి పరీక్ష రాయడానికి పట్నం వచ్చినప్పుడు నాలుగు రోజులు ఖాళీగా ఉన్న సంక్షేమ హాస్టల్ గది ఇవ్వడం పెద్ద భారం కాదు.

అప్పు తప్పనప్పుడు

బ్యాంకు విద్యా రుణం అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఇంజినీరింగ్ సీటో, అమెరికా వీసానో. 4 లక్షల వరకు తాకట్టు అడగకూడదని నిబంధన ఉంది. 7.5 లక్షల దాకా అప్పులకు బ్యాంకులకు పూచీగా కేంద్రం రుణ హామీ నిధి ఉంది. చదువు అయిపోయిన ఏడాది తర్వాతే వాయిదాలు మొదలవుతాయి. 2015లో వచ్చిన విద్యాలక్ష్మి పోర్టల్‌లో ఒక్క దరఖాస్తుతో పలు బ్యాంకులను అడగవచ్చు. ఇన్ని ఉన్నా దూరవిద్య విద్యార్థి దగ్గరకు వచ్చేసరికి చాలా బ్యాంకుల పథకాల్లో రెగ్యులర్, ఫుల్‌టైమ్ అన్న షరతు అడ్డం వస్తుంది. 2024 నవంబరులో కేంద్ర కేబినెట్ ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం, హామీదారు అక్కర్లేకుండా రుణం, 8 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాలకు 3 శాతం వడ్డీ రాయితీ ఇస్తుంది. అది కూడా ర్యాంకుల ఆధారంగా ఎంపిక చేసిన సంస్థల విద్యార్థులకే (ఆమోదించినప్పుడు అవి 860). ఇవి కాక, ఉద్యోగులు చేసే పార్ట్‌టైమ్, ఆన్‌లైన్ కోర్సులకు విడిగా రుణాలిచ్చే బ్యాంకులూ కొన్ని ఉన్నాయి. వాటిలో జీతం సర్టిఫికెట్ అడుగుతారు, చదువు ముగిసే దాకా ఆగకుండా వాయిదాలు మొదలుపెడతారు. నైపుణ్య కోర్సులకైతే 2024లో పరిమితి 7.5 లక్షలకు పెంచిన స్కిల్ లోన్ ఉంది కానీ, అది డిగ్రీలకు కాదు.

నిజానికి ఇగ్నో బీఏకు కావాల్సిన మొత్తానికి బ్యాంకు మేనేజర్ ఫైలు కూడా తెరవడు. ఆ కాగితాలకయ్యే ఖర్చుతో పోలిస్తే అతనికి మిగిలేది ఏమీ ఉండదు. పల్లెల్లో ఇలాంటి చిన్న ఫీజులు డ్వాక్రా సంఘం పొదుపులోంచి తీసుకునే అప్పుతోనో, స్త్రీనిధి రుణంతోనో, నాలుగు గ్రాముల బంగారం బ్యాంకులో పెట్టో గట్టెక్కుతాయి. అందులో తప్పేమీ లేదు. బ్యాంకులో బంగారం మీద వడ్డీ సాధారణంగా నూటికి నెలకు రూపాయి లోపే ఉంటుంది, సంఘంలో రూపాయి అటూ ఇటూ. వడ్డీ వ్యాపారుల దగ్గర తెచ్చిన రెండు రూపాయల, మూడు రూపాయల వడ్డీ అప్పులతో పోలిస్తే ఇవి ఎంతో నయం.

జాగ్రత్త పడాల్సింది ప్రైవేటు ఆన్‌లైన్ కోర్సుల దగ్గర. అక్కడ కౌన్సెలర్ అనే పేరుతో మాట్లాడేవారు అమ్మకాల మనుషులు. ఫీజు ఎక్కువని సందేహిస్తే 'జీరో కాస్ట్ ఈఎంఐ ఉంది కదా సర్' అంటారు. లెక్క ఎలా ఉంటుందంటే, ఒకేసారి కడితే 1,08,000 రూపాయలు, ఈఎంఐలో అయితే నెలకు 10 వేల చొప్పున పన్నెండు నెలలు అనుకుందాం. మొత్తం 1,20,000. వడ్డీ సున్నా అంటున్నారు కానీ, నగదు కట్టేవాడికి ఇచ్చే 12 వేల తగ్గింపు ఈఎంఐ కట్టేవాడికి పోయింది. 12 వేలు లక్షా ఎనిమిది వేల మీద పదకొండు శాతమే కదా అనిపిస్తుంది. కానీ అసలు నెలనెలా తగ్గుతూ పోతుంది కాబట్టి, ఏడాది మొత్తానికి సగటున చేతిలో ఉండే అప్పు అందులో సగం చిల్లరే. ఆ లెక్కన అసలు వడ్డీ దాదాపు 20 శాతం, మన భాషలో రూపాయి అరవై పైసల పైన. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ ఉంటే ఇంకా పైకి పోతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఈఎంఐ అంటే చాలామంది వర్సిటీకి వాయిదాల్లో కడుతున్నామనుకుంటారు. నిజానికి ఒక ఫైనాన్స్ కంపెనీ మొత్తం ఫీజును వర్సిటీకో మధ్యవర్తి సంస్థకో ఒకేసారి కట్టేసి ఉంటుంది, విద్యార్థి ఆ కంపెనీకి బాకీ పడతాడు. మధ్యలో కోర్సు నచ్చకపోయినా, క్లాసులు జరగకపోయినా ఆ బాకీ ఆగదు. ఆపితే, తర్వాత అప్పు ఇచ్చేటప్పుడు బ్యాంకులు చూసే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. ఈ ధోరణి ముదిరాకే 2021 డిసెంబరులో కేంద్ర విద్యాశాఖ ఆన్‌లైన్ కోర్సులు అమ్మే ఎడ్‌టెక్ సంస్థలతో జాగ్రత్తగా ఉండాలని, ఖాతాలోంచి దానంతటదే డబ్బు పోయే ఆటోడెబిట్‌కు ఒప్పుకోవద్దని ప్రకటన ఇచ్చింది. రిజర్వ్ బ్యాంకు 2022 సెప్టెంబరులో తెచ్చిన డిజిటల్ రుణ నిబంధనలు ఈ విషయంలో కొంత రక్షణ. సంతకానికి ముందే ఏడాదికి మొత్తం ఖర్చు ఎంత శాతమో ఒక పత్రంలో చూపించాలి. అప్పు తీసుకున్నాక మనసు మార్చుకుంటే, నిర్ణీత రోజుల్లోపు అసలు, ఆ రోజుల వడ్డీ కట్టి జరిమానా లేకుండా బయటపడవచ్చు. ఫోన్‌లో ఓటీపీ చెప్పేసేముందు ఆ పత్రం పంపమని అడిగితే చాలు, అవతలి గొంతు మారడం వినిపిస్తుంది.

డబ్బు పెట్టాక డిగ్రీయే చెల్లకపోతే

సాయం గురించి మాట్లాడేటప్పుడు దీన్ని వదిలేయడం కుదరదు. ఇంజినీరింగ్, మెడిసిన్, నర్సింగ్, ఫార్మసీ, న్యాయశాస్త్రం, వ్యవసాయం వంటి కోర్సులు దూరవిద్యలో నడపడాన్ని యూజీసీ నిషేధించింది. 2025 జులై-ఆగస్టు విడత నుంచి సైకాలజీ, పోషకాహారం లాంటి ఆరోగ్య సంబంధ కోర్సులను కూడా ఆ జాబితాలో చేర్చింది. మిగతా కోర్సులకైనా ఏ వర్సిటీకి ఏ విడతలో అనుమతి ఉందో యూజీసీ దూరవిద్యా బ్యూరో వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఫ్రాంచైజీలకు చదువు అప్పగించడం నిషేధం కాబట్టి, ఊళ్లో రెండో అంతస్తులో బోర్డు పెట్టి 'మేమే ఫలానా వర్సిటీ సెంటర్, ఫీజు మా దగ్గరే కట్టండి' అనేవాళ్లను అనుమానించాల్సిందే. 2024 సెప్టెంబరు నుంచి దూరవిద్యలో చేరే విద్యార్థి ముందుగా, తన చదువు క్రెడిట్లు జమయ్యే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఐడీతో, దూరవిద్యా బ్యూరో ఇచ్చే డెబ్ ఐడీ తీసుకోవాలి. ఆ ఐడీ గురించి అడగకుండానే సీటు ఖరారు చేశామంటే, స్కాలర్‌షిప్ ఇప్పిస్తామన్నా సరే, అక్కడితో ఆగిపోవచ్చు.

పన్ను కట్టేవాళ్లకు ఒక వింత

ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లు ముందు అడగాల్సింది యజమానిని. ప్రభుత్వ రంగ సంస్థల్లో, ఐటీ కంపెనీల్లో పై చదువుల ఫీజు తిరిగి ఇచ్చే విధానాలు కొన్నిచోట్ల ఉంటాయి. ముందస్తు అనుమతి తీసుకోకుండా చేరితే ఆ డబ్బు రాదు. అనుమతిస్తే రెండేళ్లు ఉద్యోగం మానకూడదన్న బాండు ఉండొచ్చు. రెండూ కాగితం మీద చూసుకున్నాకే చేరాలి.

పన్ను చట్టంలో దూరవిద్యకు ఒక చోట తలుపు మూసి ఇంకో చోట తెరిచి ఉంది. 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 80సీ కింద ట్యూషన్ ఫీజుకు వచ్చే మినహాయింపు పిల్లల ఫుల్‌టైమ్ చదువుకే. కాబట్టి కొడుకు దూరవిద్య ఫీజుకు అది రాదు, ఉద్యోగి సొంత చదువుకు అసలే రాదు. 80ఈ కింద విద్యా రుణం వడ్డీకి ఇచ్చే మినహాయింపులో మాత్రం ఫుల్‌టైమ్ అన్న మాట లేదు. గుర్తింపు ఉన్న సంస్థలో ఇంటర్ తర్వాత చదివే ఏ కోర్సైనా సరిపోతుంది, సొంత చదువుకు తీసుకున్న అప్పైనా పనికొస్తుంది. వడ్డీకి గరిష్ట పరిమితి లేదు, ఎనిమిదేళ్ల దాకా వాడుకోవచ్చు. అప్పు బ్యాంకు, ఫైనాన్స్ సంస్థ లేదా గుర్తింపు పొందిన ధార్మిక సంస్థది అయి ఉండాలి. బావమరిది ఇచ్చిన అప్పుకు చెల్లదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు ఈ మినహాయింపు లేదు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం రావడంతో సెక్షన్ల నంబర్లు మారాయి, ఆ తేదీ తర్వాతి ఆదాయానికి ఫారం నింపేటప్పుడు పాత నంబరు వెతుక్కుంటూ కూర్చోనక్కర్లేదు.

ఇక దరఖాస్తు వేళ సంగతి. ఇగ్నోలో ప్రవేశాలు ఏడాదికి రెండుసార్లు, జనవరి, జులై విడతల్లో జరుగుతాయి. తెలుగువాళ్లకు హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలో ప్రాంతీయ కేంద్రాలున్నాయి. కుల ధ్రువీకరణ పత్రం మీసేవలోనో సచివాలయంలోనో అడిగిన రోజే చేతికి రాదు, ఆదాయ పత్రం పాతబడిపోయి ఉంటుంది, పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, పెళ్లయిన ఆడవాళ్లకైతే ఇంటిపేరే మారిపోయి ఉంటుంది. ఇవన్నీ సరిచేసుకోవడానికి నెల పైనే పడుతుంది. ఫీజు మినహాయింపు కావాలా అన్న గడి దరఖాస్తు నింపేటప్పుడే వస్తుంది కాబట్టి, కాగితాల పని ప్రవేశాల ప్రకటన వచ్చాక కాక, అంతకు రెండు నెలల ముందే మొదలుపెట్టాలి.